దూరం నడకకు రబ్బరు బూట్లా, లేసుల షూసా?

తడి: ఇక్కడ రబ్బరు బూట్లకు పోటీ లేదు. పిక్కల లోతు నీళ్లున్నా నేరుగా దిగిపోవచ్చు, బురదగుంట కనిపిస్తే పక్కకు తప్పుకోనక్కర్లేదు. ఆ సరదా పెద్దవాళ్లకూ తక్కువేం కాదు! షూస్ వాటర్‌ప్రూఫ్ అయినా పైనుంచి నీళ్లు దిగాయా, ఇక ఆరడం కష్టం.

సౌకర్యం: రబ్బరుకు గాలి ఆడదు. బయటి నీరు లోపలికి రాదు, లోపలి చెమట బయటికి పోదు. పైగా లేసులుండవు కాబట్టి అడుగడుక్కీ మడమ పైకి లేచి రాసుకుంటుంది. మేజోడు మెల్లగా జారి పాదం కింద ఉండ కడుతుంది, ఆ తర్వాత బొబ్బ. బూటు పై అంచు పిక్కను ఒరుసుకోవడం అదనం. మోకాలి దాకా వచ్చే మందపాటి మేజోళ్లు వేసుకుంటే సగం బాధ తగ్గుతుంది. లేసుల షూస్‌తో ఈ గొడవ తక్కువ, కాకపోతే కొత్తవి కాస్త అలవాటు పడాలి.

రిస్క్: రాళ్ల వాలులో రబ్బరు బూటు చీలమండను గట్టిగా పట్టి ఉంచదు. మడత పడితే అంతే.

ఖర్చు, శ్రమ: రబ్బరువి సాధారణంగా చవక, నీళ్లతో కడిగితే చాలు. ఎండలో పడేస్తే మాత్రం పగుళ్లిస్తాయి.

గంట, గంటన్నర బురద నడకైతే రబ్బరు బూట్లే. రోజంతా నడవాలన్నా, గుట్టలెక్కాలన్నా లేసుల షూస్. దారి మొత్తంలో లోతులేని వాగు ఒక్కటే ఉంటే? షూస్ విప్పి చేత్తో పట్టుకుని దాటేయండి.