బ్రేకు బిగించడానికి ఒక రోజు, దిగడానికి రెండు గంటలు

కొండ అందాల గురించి ఎవరైనా రాస్తారు. నేను రాస్తున్నది మాత్రం దారిలో తగిలిన ఆ వెల్డింగ్ షెడ్డు మీద కోపం ఇంకా చల్లారక.

నాలుగు రోజుల యాత్ర. నేను 29 అంగుళాల యూనిసైకిల్ (ఒంటి చక్రం సైకిల్) మీద, బావమరిది మామూలు సైకిల్ మీద సామానంతా కట్టుకుని నా వెనక. మొదటి రోజు ఎక్కుడు, చెమట తప్ప చెప్పుకోడానికేమీ లేదు. రెండో రోజు మధ్యాహ్నం దిగుడు మొదలైంది. నా మోకాళ్ల కష్టాలూ మొదలయ్యాయి.

ఇది తొక్కనివాళ్లకు ఒక మాట చెప్పాలి. దీనికి చైనుండదు, ఫ్రీవీలుండదు. పెడళ్లు నేరుగా చక్రం ఇరుసుకే ఉంటాయి కాబట్టి చక్రం తిరిగినంతసేపూ కాళ్లు తిరగాల్సిందే. దిగుడులో చక్రం పరిగెత్తబోతుంది. పైకి లేచే పెడల్‌ని ప్రతి చుట్టులోనూ కాలితో అదిమిపట్టాలి. 29 అంగుళాల చక్రం ఒక చుట్టుకి దాదాపు 2.3 మీటర్లు పోతుంది. ఆ రోజు 9 కిలోమీటర్లు దిగాను. అంటే 3,900 చుట్లు, చుట్టుచుట్టుకీ రెండు మోకాళ్లతోనూ బ్రేకు. సాయంత్రానికి లాడ్జి చేరితే, ఫోనులో కింది గది అని చెప్పినవాళ్లు మూడో అంతస్తు తాళం చేతిలో పెట్టారు. లిఫ్టు లేదు. బావమరిది సామాను మోశాడు, నేను రెయిలింగు పట్టుకుని పక్కకి తిరిగి ఒక్కో మెట్టూ ఎక్కాను.

ఇందులో నా తప్పూ ఉంది. ఓ పాత సైకిల్ నుంచి విప్పిన హైడ్రాలిక్ రిమ్ బ్రేకు (ఆయిలు ఒత్తిడితో రబ్బర్లు రిమ్ముని నొక్కే రకం) సంచిలోనే ఉంది. కానీ నా ఫ్రేముకి దాన్ని బిగించే చెవులు లేవు. "దారిలో ఎక్కడైనా వెల్డింగ్ పెట్టించేద్దాం బావా, అరగంట పని" అన్నాడు వాడు. ఆ అరగంట మాట నమ్మి బయల్దేరాను.

మూడో రోజు పొద్దున్నే 8 గంటలకి షెడ్డుకి వెళ్లాం. షెడ్డాయన ఫ్రేముని ఇటూ అటూ తిప్పి, "దీనికి వెల్డింగే గతి సార్, వదిలేసి వెళ్లండి" అన్నాడు. 11కి వెళ్తే కరెంటు లేదన్నాడు. ఒంటిగంటకి వెళ్తే కుర్రాడు లేడన్నాడు. మూడింటికి వెళ్లేసరికి సీటు నుంచి చక్రానికి రెండు పక్కలా దిగే ఫ్రేము కాళ్లలో కుడి గొట్టం మీద రంగంతా గ్రైండరుతో గీకేసి ఉంది. కింద వెండిలా మెరుస్తోంది. ఆయన చేతిలో ఇనుముకి వాడే రాడ్డు. నాకు గుండె జారిపోయింది. పక్కనే స్పీకరులోంచి ఊడదీసిన అయస్కాంతం పడి ఉంటే తీసి గొట్టానికి ఆనించాను. అతుక్కోలేదు. అల్యూమినియం! పొద్దున ఆ పరీక్ష ఆయన చెయ్యలేదు, నేనూ చెప్పలేదు.

ఇనుప రాడ్డుతో అల్యూమినియం అతకదు. పోనీ సరైన మిషనుతోనే అతికించారనుకోండి, సైకిళ్లకి వాడే ఆ రకం అల్యూమినియం వేడికి అతుకు చుట్టూ మెత్తబడిపోతుంది. మళ్లీ పద్ధతిగా వేడిచేసి గట్టిపరిస్తే తప్ప పాత బలం రాదు. రోడ్డు పక్క షెడ్డులో అది జరిగే పని కాదు. మనం కూర్చునేది ఆ రెండు గొట్టాల మీదే. స్టీలు ఫ్రేమైతే అతకొచ్చుగానీ, గొట్టం కాస్త వంకర పోయినా కింద బేరింగులు వరస తప్పుతాయి, చక్రం బిగుసుకుంటుంది. ఇదంతా చెబితే ఆయన, "అయితే గీకిన కూలీ ఇవ్వండి" అన్నాడు. ఇచ్చాను కూడా! ఎందుకిచ్చావని బావమరిది ఆ సాయంత్రమంతా నాతో మాట్లాడలేదు.

నాలుగున్నరకి మోటార్లు బాగుచేసే ఓ పెద్దాయన దగ్గర కూలబడ్డాం. ఆయన యూనిసైకిల్ చూడటం అదే మొదటిసారి. నవ్వలేదు, ఇది తొక్కుతారా అని అడగలేదు. "బ్రేకు వేస్తే చక్రం టక్కున ఆగాలా, మెల్లగా లాగి పట్టుకోవాలా?" అన్నాడు. రోజంతటికీ నన్నెవరైనా అడిగిన మొదటి సరైన ప్రశ్న. టక్కున ఆగితే చక్రం అక్కడుంటుంది, మనిషి ముందుకెళ్లి పడతాడు. దీనికి కావలసింది దిగినంతసేపూ సన్నగా రాసుకునే బ్రేకు. "అలాగైతే అతకడమెందుకు, గొట్టాన్ని కరిచి పట్టుకునేలా బిగిస్తే చాలు" అన్నాడాయన.

నా గొట్టం వ్యాసం 25.4 మిల్లీమీటర్లు. రెండు అల్యూమినియం దిమ్మెలు తీసుకుని ఒక్కోదానికి సరిగ్గా అంతే రంధ్రం వేశాడు. తర్వాత రంధ్రం మధ్యగా రంపంతో రెండు ముక్కలు కోశాడు. రంపం తినేసిన సందు ఉంది చూశారూ, కిటుకంతా అక్కడే. రెండు ముక్కల్నీ గొట్టం చుట్టూ పెట్టి బోల్టులు బిగిస్తే ఆ సందు ఉన్నందుకే గట్టిగా కరుచుకుంటాయి. ఫ్రేముకి ఒక్క రంధ్రం పెట్టనివ్వలేదు. "గొట్టానికి తూటు పెడితే విరిగేది అక్కడే" అన్నాడు. రబ్బర్లని రిమ్ము మీదికి తోసే బ్రేకు సిలిండర్లు ఆ దిమ్మెలకే బిగించాడు.

తోసి చూస్తే ఎడమది కదల్లేదు, కుడిది గొట్టం చుట్టూ తిరిగిపోయింది. షెడ్డాయన గీకిన చోటే, మరి! అక్కడ గొట్టం సన్నబడి ఓ పక్క చదునైంది. ఖాళీ కూల్‌డ్రింక్ డబ్బా కత్తిరించి ఆ రేకు మూడు వరసలు లోపల పెట్టాం, అప్పుడు పట్టింది. ఇంకో తలనొప్పి, బ్రేకు నొక్కితే రబ్బర్లు రిమ్ముని నొక్కే బదులు రెండు కాళ్ల గొట్టాలనీ బయటికి తోస్తున్నాయి. టైరు మీదుగా లాడం ఆకారంలో మందపాటి పట్టీ ఒకటి వంచి రెండు దిమ్మెల్నీ కలిపాడు. తోపుడూ ఆగింది, దిమ్మెలు తిరగడమూ ఆగింది.

మిగతాది నేను గది వరండాలో చేసుకున్నాను. లివరు సీటు ముందు పిడి కింద, ఒక్క వేలికి అందేలా. ఆయిలు గొట్టం కొయ్యకుండా, పొడవు ఎక్కువైనంతా చుట్టచుట్టి సీటు రాడ్డుకి కట్టేశాను. కోస్తే ఆయిలు పోసి గాలి తీసే పని మీద పడుతుంది. అసలు టైము తిన్నది రిమ్ము బెండు తీయడం. మామూలు సైకిల్‌కి చిన్న బెండున్నా చెల్లుతుంది. ఇక్కడ బ్రేకు ఎప్పుడూ ఆని ఉంటుంది కనక, బెండున్నచోట చుట్టుకోసారి చక్రం పట్టేసి మనిషిని ముందుకి ఊపుతుంది. రెండు గంటలు పట్టింది.

మొత్తం లెక్క: దిమ్మెలు రెండు, పట్టీ ఒకటి, బోల్టులు పది, డబ్బా ఒకటి, ఒక రోజు. లాడ్జికి ఒక రాత్రి అద్దె అదనం. పెద్దాయన తీసుకున్న కూలీ, షెడ్డాయనకి గీకినందుకిచ్చినదానికన్నా తక్కువ.

నాలుగో రోజు 22 కిలోమీటర్ల దిగుడు. ముందు చదును నేల మీద పావుగంట సాధన చేశాను, రెండుసార్లు కాళ్ల మీదికి దూకాను. ఇది ఎగ్గొట్టి తిన్నగా కొండ దిగొద్దు. తర్వాత ఒక్క వేలు లివరు మీద ఆనించి, కాళ్లని వాటి మానాన తిరగనిచ్చాను. చుట్టుపక్కల చెట్లు ఉన్నాయని మొదటిసారి చూశాను. ప్రతి 5 కిలోమీటర్లకీ దిగి బోల్టులు తడిమాను. కుడివైపుది ఒకసారి పావు చుట్టు బిగించాల్సి వచ్చింది. ఆ గీకిన గొట్టం మీద నాకు నమ్మకం పోయింది, వచ్చాక ఫ్రేము మార్చేస్తున్నాను. దిమ్మెలు మాత్రం కొత్తదానికీ పనికొస్తాయి.

కిందికి వచ్చేసరికి రెండు గంటలు. మోకాళ్లు మామూలుగా ఉన్నాయి. బావమరిది ఇంకో ఇరవై నిమిషాలకి సైకిల్ నడిపించుకుంటూ వచ్చాడు.

"ఏరా, పంచరా?"

"కాదు బావా. నా బ్రేకు రబ్బర్లు అరిగిపోయాయి."