బెజవాడ రేకుల షెడ్డులో ఇనప కూలర్: నాలుగు వేసవులు నడిపాక

చలి దేశాల్లో వర్క్‌షాపుకి హీటర్ ఏది పెట్టాలా అని తర్జనభర్జన పడతారు. మనకి ఆ ఇబ్బంది లేదు, హీటర్ నెత్తి మీదే ఉంది, జీఐ (జింకు పూత ఉన్న ఇనప) రేకుల రూపంలో. దాన్ని చల్లార్చడమే మన సమస్య.

షెడ్డు పటమట వైపు, ఇంటి వెనక. 20 అడుగుల వెడల్పు, 30 పొడవు, 14 ఎత్తు. లోపల లేత్, డ్రిల్లింగ్ మిషన్, ఆర్క్ వెల్డింగ్. షట్టర్ తెరిచి ఉంచే పని చేయాలి కాబట్టి ఏసీ మాట అనవసరం. పెట్టింది ఆటోనగర్‌లో చేయించిన ఇనప బాడీ కూలర్: 24 అంగుళాల ఫ్యాన్, మూడు వైపులా 4 అంగుళాల హనీకోంబ్ (తేనెపట్టులా గళ్లున్న) ప్యాడ్లు, 120 లీటర్ల తొట్టి.

సైజు లెక్క ఇలా వేశాం. 20×30×14 అంటే 8,400 ఘనపుటడుగులు. రెండు నిమిషాలకోసారి లోపలి గాలి మొత్తం మారాలంటే నిమిషానికి 4,200 ఘనపుటడుగులు, అంటే 4,200 సీఎఫ్‌ఎం కావాలి, కూలర్లవాళ్ల భాషలో గంటకి 7,000 ఘనపు మీటర్లు పైచిలుకు. బిల్ల మీద రాసిన అంకె ప్యాడ్ లేకుండా వచ్చేదనుకోండి. ప్యాడ్ తడిసి కాస్త దుమ్ము పట్టాక మూడో వంతు తగ్గుతుందని వేసుకుంటే మోసపోరు.

ఫలితం: మే నెల మధ్యాహ్నం బయట 42 డిగ్రీలు, గాల్లో తేమ 28 శాతం ఉన్నప్పుడు కూలర్ మూతి దగ్గర 31, లేత్ దగ్గర 33. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండకి ఇది చాలా గొప్ప. జూలైలో బయట 34, తేమ 70 శాతం ఉన్నప్పుడు మాత్రం మూతి దగ్గర 30, 31. అంకె చూస్తే బాగానే ఉంది, మనిషికి మాత్రం తడిగుడ్డ కప్పుకున్నట్టు ఉంటుంది. చెమట ఆరదు.

అందుకే రెండు మామూలు థర్మామీటర్లు గోడకి తగిలించాం. ఒకదాని బుడ్డికి తడి నూలుగుడ్డ చుట్టి, గుడ్డ చివర నీళ్ల సీసాలో ముంచి, పక్కనే చిన్న ఫ్యాన్ గాలి తగిలేలా పెట్టాం. గాలి ఎంత పొడిగా ఉంటే రెండింటి తేడా అంత ఎక్కువ. అది 8 డిగ్రీలు దాటితే పంపు వేయొచ్చు. 4కి పడిపోతే పంపు ఆపేసి వట్టి ఫ్యాన్ తిప్పుకోవడమే మంచిది. పడమటి గాడ్పు వీచే మధ్యాహ్నం తేడా 15 దాకా వస్తుంది. అదే రోజు సాయంత్రం సముద్రం గాలి తిరిగాక 6కి వచ్చేస్తుంది. మృగశిర దాటాక పంపుతో పెద్దగా పని లేదు.

కూలర్ షెడ్డు బయటే ఉండాలి, నీడలో, ఉత్తరం గోడ కిటికీకి ఆనించి. లోపల పెడితే తడిసిన గాలినే మళ్లీ పీల్చుకుని గంటలో ఉక్కపోత మొదలవుతుంది. వచ్చిన గాలి పోవడానికి దారి కూడా వదలాలి: వెయ్యి సీఎఫ్‌ఎంకి రెండు చదరపు అడుగులు. మా లెక్కకి 8 చదరపు అడుగులు, అంటే 8 అడుగుల షట్టర్ ఒక అడుగు ఎత్తి ఉంచితే సరిపోతుంది. తలుపులన్నీ బిగించేసి కూలర్ పనిచేయట్లేదనేవాళ్లే ఎక్కువ. రేకుల కింద చేరిన వేడి వెళ్లడానికి పైన గాలికి తిరిగే టర్బో వెంటిలేటర్లు రెండు ఉన్నాయి.

నిజం చెప్పాలంటే సగం పుణ్యం కూలర్‌ది కాదు, రేకుల మీద తెల్ల పూతది. జనవరిలో తుప్పు గీకి, కడిగి, ప్రైమర్ కొట్టి, ఆరాక కూల్ రూఫ్ పెయింట్ రెండు కోట్లు వేశాం. పూత లేని రేకు మధ్యాహ్నం రెండింటికి 64 చూపిస్తే పూత వేసింది 46 చూపించింది. ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో దూరం నుంచే వేడి కొలిచేవాళ్లకో మాట: మెరిసే జీఐ మీద అది తప్పుడు అంకె, తక్కువ చేసి చూపిస్తుంది. రేకు మీద నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి, దాని మీద గురిపెట్టి చదవాలి. మార్చిలో ఓసారి పైకప్పు కడగకపోతే దుమ్ము పట్టి పూత గుణం తగ్గిపోతుంది. థర్మోకోల్ సీలింగ్ మాత్రం వద్దు. వెల్డింగ్ నిప్పురవ్వ ఒక్కటి చాలు.

ఇక నీళ్లు. ఎండ ముదిరిన రోజు గంటకి 25 నుంచి 30 లీటర్లు తాగుతుంది. తొట్టి నాలుగైదు గంటలకి ఖాళీ, కాబట్టి ఫ్లోట్ వాల్వ్ తప్పదు. బోరు నీళ్లతో ఉప్పు తెట్టు కట్టడం అసలు జబ్బు. నీరు ఆవిరైపోతుంది, ఉప్పు తొట్టిలోనే మిగులుతుంది, రోజురోజుకీ చిక్కబడుతుంది. మొదటి ఏడు చివరికి ప్యాడ్ అంచులు సుద్దముక్కలా గట్టిపడ్డాయి. తర్వాత పంపు గొట్టానికి టీ జాయింటు వేసి, చిన్న కాక్ (కుళాయి) పెట్టి గంటకి 10 లీటర్లు బయటికి వదిలేస్తున్నాం. లీటరు సీసా ఆరు నిమిషాల్లో నిండితే కాక్ సరిగ్గా తిప్పినట్టే. ఆ నీళ్లు కొబ్బరి చెట్టుకి. ఉప్పు చిక్కదనం బోరు నీటికి నాలుగింతల దగ్గర ఆగిపోతుంది. నెలకోసారి నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లు ఓ గంట తిప్పి వదిలేయాలి.

ప్యాడ్ మార్చేటప్పుడు ఏ వైపు ఎటు రావాలో చూడాలి. హనీకోంబ్ గాడులు (లోపలి సందులు) రెండు వాలుల్లో ఉంటాయి, ఒకటి నిటారుగా, ఇంకొకటి కాస్త చదునుగా. నిటారు గాడులు బయటి వైపుకి కిందికి దిగాలి. తిరగేసి బిగిస్తే ఫ్యాన్ లాగిన నీటి తుంపరలు లోపలికొచ్చి లేత్ బెడ్ మీద పడతాయి. మరుసటి ఉదయానికి ఎర్రని చుక్కలు. తిన్నగా బిగించినా సాయంత్రం తేమ తప్పదు. కాబట్టి పని ఆపడానికి అరగంట ముందు పంపు కట్టేసి ఫ్యాన్ ఒక్కటే తిప్పాలి, తర్వాత బెడ్ మీద పల్చగా 68 నంబరు మిషను నూనె గుడ్డతో తుడవాలి. వెల్డింగ్ రాడ్లు, 6013 రకం అయినా సరే, మూత గట్టిగా ఉన్న డబ్బాలో. వెల్డింగ్ వేళ గాలి నేరుగా ఆర్క్ మీదికి రాకుండా కూలర్ మూతి రెక్కలు పక్కకి తిప్పాలి.

ఇనప బాడీ, నీళ్లు, కరెంటు ఒకేచోట. మూడు పిన్నుల ప్లగ్, విడిగా ఎర్తింగ్ వైరు, లైనుకి కరెంటు లీకైతే లైను తెంచేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, ఈ మూడూ లేకుండా స్విచ్ వేయొద్దు. షాక్ మోటారు నుంచి వచ్చేది తక్కువ, నీళ్లలో మునిగిన పంపు వైరు పగిలితే వచ్చేదే ఎక్కువ. ఆర్‌సీసీబీ ట్రిప్ అయితే ముందు పంపు ప్లగ్ పీకి చూడండి. నీళ్లు పోసేటప్పుడు, తొట్టి కడిగేటప్పుడు ప్లగ్ బయటే ఉండాలి. స్విచ్ ఆపాం కదా అనుకోవద్దు. తొట్టి వారానికోసారి వొంపి, అడుగు రుద్ది, ఎండబెట్టాలి, లేకపోతే డెంగీ దోమ అందులోనే గుడ్లు పెడుతుంది. శుక్రవారం డ్రై డే (దోమలు పుట్టకుండా నీళ్ల తొట్లు ఎండబెట్టే రోజు) నాడు చేస్తే గుర్తుంటుంది.

కరెంటు: 450 వాట్లు, రోజుకి తొమ్మిది గంటలు, నాలుగు యూనిట్లు. మూడో ఏడు ఫ్యాన్ మూలుగుతూ నెమ్మదిగా తిరిగింది. కెపాసిటర్ మార్చాక మామూలైంది. బాడీ అడుగున రంగు లేచిన చోట తుప్పు మొదలైంది, ఏటా గీకి ఎపాక్సీ పూయాల్సొస్తోంది. మళ్లీ చేయిస్తే తొట్టి ఫైబర్‌ది, ప్యాడ్లు 6 అంగుళాలవి పెట్టిస్తాం.