కడపలో కారు సర్వీసుకు ఇచ్చేవాళ్లకు హెచ్చరిక: కూలెంట్ మార్చామంటే నమ్మి వచ్చేయకండి

ఎండలు మొదలయ్యాయి, చాలామంది ఈ నెలలోనే కారు సర్వీసుకు ఇస్తారు కాబట్టి ఇది ఇప్పుడే రాస్తున్నాను. పోయిన ఉగాదికి ముందు కడపలో ఒక ప్రైవేటు గ్యారేజీలో నా డీజిల్ కారుకు సమ్మర్ సర్వీస్ అని చేయించాను. కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) ఐదు లీటర్లు 1,750 రూపాయలు, రేడియేటర్ (ఆ ద్రవం వేడిని బయటికి వదిలే భాగం) క్లీనింగ్ 600, ఆయిలు, ఫిల్టర్లు వేరే. ఏడాది తిరగకముందే ఇంజన్ పైభాగం, అంటే హెడ్, విప్పించాల్సి వచ్చింది, మొత్తం 34,200 అయింది. వాళ్లు అసలు కూలెంటే పోయలేదు. బోరు నీళ్లలో ఆకుపచ్చ రంగు కలిపి పోశారు.

నాలుగు వారాల కిందట ఆదివారం పొద్దున రాయచోటి వీరభద్రస్వామి గుడికి బయలుదేరాం. అమ్మ, నా భార్య, పిల్లలిద్దరు, డిక్కీ నిండా సామాను, ఏసీ ఆన్. గువ్వలచెరువు ఘాట్ ఎక్కుతుంటే ముందు ఒక లోడు లారీ, దాని వెనకాలే రెండో గేరులో నెమ్మదిగా పోతున్నాం. ఉన్నట్టుండి డ్యాష్‌బోర్డు మీద ఇంజన్ మితిమీరి వేడెక్కిందని చెప్పే ఎర్ర లైటు వెలిగింది. అక్కడే ఆపాల్సింది, నేను ఆపలేదు. మలుపుల్లో పక్కకు తీయడానికి భయమేసింది, గువ్వలచెరువు చేరితే కోవా అంగళ్ల దగ్గర ఆపుదాంలే అనుకొని ఇంకో రెండు కిలోమీటర్లు తోలాను. బానెట్ కింద నుంచి ఆవిరి వచ్చాకే ఆపాను. హెడ్ గ్యాస్కెట్ (హెడ్‌కు, దాని కింది ఇంజన్ భాగానికి మధ్య ఉండే సీలు) పోయింది ఆ రెండు కిలోమీటర్లలోనే అని తర్వాత మెకానిక్ చెప్పాడు. గ్యారేజీ వాళ్లది మోసమే, కానీ నేను వెంటనే ఆపి ఉంటే ఖర్చు చాలావరకు తప్పేది. అందుకే ఎర్ర లైటు సంగతి ఇంత గట్టిగా చెబుతున్నాను.

దిగి రేడియేటర్ మూత తీయబోతుంటే వెనకాల వచ్చిన లారీ డ్రైవరు ఒకాయన కేకేసి ఆపాడు. "దాన్ని ముట్టుకోవద్దన్నా, మొహం కాలిపోతుంది" అన్నాడు. ఆ పెద్దాయనకు ఎన్ని థ్యాంక్స్ చెప్పుకున్నా తక్కువే. లోపల ద్రవం ఒత్తిడి మీద ఉంటుంది, అందుకే నూరు డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది. మూత తిప్పిన క్షణంలో ఒత్తిడి పోయి మొత్తం ఒక్కసారిగా మరిగి పైకి చిమ్ముతుంది. కనీసం అరగంట, ఇంకా వేడిగా అనిపిస్తే గంట ఆగాలి. ఆ తర్వాత కూడా మందపాటి గుడ్డ వేసి కొద్దికొద్దిగా తిప్పాలి. వేడి ఇంజన్ మీద చల్లటి నీళ్లు గుమ్మరించడం ఇంకో తప్పు, లోహం పగలొచ్చు. ఎర్ర లైటు వెలిగితే వెంటనే ఏసీ ఆపి, హీటర్ ఫుల్లుగా పెట్టి, ఫ్యాన్ పెంచి, మొదట దొరికిన చోట పక్కకు తీయండి. ఎండాకాలంలో హీటరేంటి అనిపిస్తుంది గానీ, ఇంజన్ వేడి కొంత ఆ దారిన బయటికి పోతుంది. అయినా లైటు ఆరకపోతే, లేదా ఆవిరి కనిపిస్తే, ఇంజన్ ఆపేయండి.

కారును వెనక్కి కడపకు లాగించుకొచ్చి ఈసారి వేరే మెకానిక్ దగ్గర పెట్టాను. ఆయన ముందు ఆయిల్ మూత తీసి లోపలి వైపు చూపించాడు. ఆయిల్‌లో పాలు కలిపినట్టు తెల్లగా, నురగగా ఉంది. అంటే నీళ్లు ఆయిల్‌లోకి దిగాయి. తర్వాత రేడియేటర్‌లో మిగిలినది ఒక గాజు గ్లాసులో పట్టి, వేలు ముంచి రుద్ది చూడమన్నాడు. మంచి కూలెంట్ వేళ్ల మధ్య కాస్త జారుడుగా ఉంటుంది. ఇది వట్టి నీళ్లలాగే ఉంది, అడుగున తెల్లటి పొడి దిగింది. (రుచి మాత్రం ఎవరూ చూడొద్దు. కూలెంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది కానీ విషం, కిడ్నీలు పోతాయి. కారు కింద కారినా వెంటనే కడిగేయండి, కుక్కలు నాకుతాయి.)

మన బోరు నీళ్ల సంగతి మీకు చెప్పక్కర్లేదు. గీజర్ రాడ్‌కు, బకెట్ అంచుకు తెల్లగా ఎలా పట్టేస్తుందో చూస్తూనే ఉంటాం. రేడియేటర్‌లో సన్నటి గొట్టాల లోపలా అదే పొర పడుతుంది. గొట్టం సన్నబడే కొద్దీ వేడి బయటికి పోదు. ఊళ్లో తిరిగినంతకాలం తెలియదు, ఘాట్ ఎక్కేటప్పుడో, బెంగళూరు హైవే మీద మధ్యాహ్నం పూటో బయటపడుతుంది. పైగా వట్టి నీళ్లతో లోపల తుప్పు కూడా పడుతుంది. కూలెంట్‌లో తుప్పు పట్టకుండా కలిపే మందులుంటాయి, మరిగే ఉష్ణోగ్రత కూడా నీళ్లకంటే ఎక్కువ. ఆ రెండిటికే కదా మనం డబ్బులిచ్చేది.

ఇంకో ఘోరం, పాత గ్యారేజీ వాళ్లు థర్మోస్టాట్ వాల్వ్ పీకేశారు. బిల్లులో లేదు, నాకు చెప్పలేదు. అడిగితే "మన ఎండలకు అది దండగ అన్నా, తీసేస్తే ఇంజన్ చల్లగా ఉంటుంది" అన్నారు. ఈ మాట మన దగ్గర చాలా గ్యారేజీల్లో వినిపిస్తుంది, నమ్మొద్దు. ఇంజన్ చల్లగా ఉన్నంతసేపు ఆ వాల్వ్ మూసుకొని త్వరగా వేడెక్కనిస్తుంది, వేడెక్కాక తెరుచుకొని రేడియేటర్‌కు దారి ఇస్తుంది. ఇంజన్ తొంభై డిగ్రీల దగ్గర నడవాలనే తయారవుతుంది, చల్లగా నడిస్తే డీజిల్ ఎక్కువ తాగుతుంది, అరుగుదల పెరుగుతుంది. కొన్ని ఇంజన్లలో వాల్వ్ లేకపోతే ద్రవం రేడియేటర్‌లోకి పోకుండా పక్క దారిన తిరిగేసి ఇంకా వేడెక్కుతుంది కూడా.

దీనికి గుర్తు నాకు డిసెంబరులోనే కనిపించింది, నాకే అర్థం కాలేదు. నా కారులో సూది మీటరు లేదు, చల్లగా ఉంటే నీలం లైటు, మితిమీరి వేడెక్కితే ఎర్ర లైటు, అంతే. స్టార్ట్ చేశాక నాలుగైదు నిమిషాల్లో ఆరిపోయే నీలం లైటు, ఊళ్లోనే ఏడు రోడ్ల కూడలి నుంచి దేవుని కడప గుడిదాకా పోయి తిరిగొచ్చినా వెలుగుతూనే ఉండేది. మైలేజీ పద్దెనిమిది నుంచి పదిహేనుకు పడింది. గ్యారేజీలో చెబితే "చలికాలం కదన్నా" అన్నారు. కడపలో ఏం చలి? మీ కారులో నీలం లైటు పది నిమిషాలైనా ఆరకపోతే వాల్వ్ ఉందో లేదో చూపించుకోండి.

ఇంకొకటి. ఆ ఏడాదిలో మూడుసార్లు కూలెంట్ తగ్గిందని వాళ్ల దగ్గరికే పోయాను. ప్రతిసారీ "టాప్ అప్ చేశాం, టెన్షన్ లేదు" అని పంపేశారు. అది మూసి ఉండే వ్యవస్థ, ఊరికే తగ్గదు. తగ్గుతోందంటే ఎక్కడో కారుతోంది. నా కారులో కింది హోస్ పైపు క్లిప్పు వదులైంది, కొత్త క్లిప్పు వేస్తే తీరిపోయే పని. దాన్ని వదిలేసి బోరు నీళ్లు పోస్తూ పోయారు. నెలకోసారి, ఇంజన్ పూర్తిగా చల్లారాక, పొద్దున్నే రిజర్వాయర్ డబ్బాలో మట్టం మిన్, మ్యాక్స్ గీతల మధ్య ఉందో లేదో చూసుకోండి. ఒక్క నిమిషం పని.

ఇప్పుడు నేను చేసేది ఇదీ. కూలెంట్ డబ్బా నేనే కొని తీసుకెళ్తాను, మాన్యువల్‌లో ఏ రకం రాశారో అదే. రంగును బట్టి కొనొద్దు, రంగు కంపెనీని బట్టి మారుతుంది. డబ్బా మీద రెడీ టు యూజ్ అని ఉంటే నేరుగా పోయాలి, కాన్సంట్రేట్ అని ఉంటే డిస్టిల్డ్ వాటర్‌తో కలపాలి, మామూలుగా సగం సగం. డిస్టిల్డ్ వాటర్ బ్యాటరీ అంగళ్లలో దొరుకుతుంది. సీలు నా ముందే తీయమంటాను, పోసేదాకా అక్కడే నిలబడతాను, ఖాళీ డబ్బాలు, విప్పిన పాత సామాను ఇంటికి తెచ్చుకుంటాను. మెకానిక్ మొహం ముడుచుకుంటే ముడుచుకోనీ.

పాత గ్యారేజీకి వెళ్లి అడిగితే అది మేం పోసింది కాదన్నారు. నా దగ్గర ఉన్నది చేతితో రాసిన చీటీ, దాని మీద ముద్ర లేదు, జీఎస్టీ నంబరు లేదు. అయినా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 2019 చట్టం ప్రకారం రెండేళ్లలోపు వేయొచ్చు, ఐదు లక్షల లోపు వ్యవహారానికి ఫీజు లేదు. యూపీఐలో డబ్బు పంపిన రికార్డు, కొత్త మెకానిక్ రాసిచ్చిన కాగితం, ఆ గ్లాసులో నీళ్ల ఫోటో దాచి ఉంచాను. మీరు మాత్రం మొదటి రోజే పక్కా బిల్లు అడగండి, అందులో కూలెంట్ పేరు, ఎన్ని లీటర్లో రాయించుకోండి.

మా బావ కూడా అదే గ్యారేజీకి ఇచ్చేవాడు. పోయిన శుక్రవారం ఆయన కారు చూపించాం. అందులోనూ వాల్వ్ లేదు.