బీబీసీ సిక్స్ మినిట్ ఇంగ్లిష్: మూడు నెలలు వాడినాక చెప్తున్నా

నేను తిరుపతి బస్టాండ్ దగ్గర ఒక లాడ్జిలో రిసెప్షన్‌లో పనిచేస్తా. తమిళం వాళ్ళొస్తే తమిళంలో నెట్టుకొచ్చేస్తాం, కానీ మహారాష్ట్ర, గుజరాత్ వాళ్ళు ఇంగ్లిష్‌లో అడిగితే అర్థమయ్యేది గానీ నోట్లోంచి మాట వచ్చేది కాదు. దీనికని ఒక స్పోకెన్ ఇంగ్లిష్ సెంటర్లో రెండు నెలలు ఫీజు కట్టినా. సార్ బాగానే చెప్తారు, కానీ నలభై మందిలో గంటకి నాకు రెండు వాక్యాలు మాట్లాడే ఛాన్స్ వస్తే గొప్ప. అది ప్రాక్టీస్ ఎట్లవుతుంది?

ఆ తర్వాత దొరికింది ఈ సిక్స్ మినిట్ ఇంగ్లిష్, ఇంగ్లిష్ నేర్చుకునేవాళ్ళ కోసం బీబీసీ వాళ్ళు పెట్టే ఆరు నిమిషాల ఆడియో ప్రోగ్రాం. పూర్తిగా ఫ్రీ. ఇద్దరు కూర్చొని ఒక టాపిక్ మీద మాట్లాడుకుంటారు, మొదట్లో ఒక ప్రశ్న వేసి జవాబు చివర్లో చెప్తారు, మధ్యలో ఆరు మాటలకి అర్థాలు. వాళ్ళు మాట్లాడిందంతా వెబ్‌సైట్లో రాసి పెట్టుంటారు, నాకు ఎక్కువ పనికొచ్చింది అదే.

ఒక విషయం మాత్రం గట్టిగా చెప్తా, ఊరికే వింటే ఏమీ రాదు. మొదటి నెల బస్సులో విన్నా, నోరు అట్లే ఉండిపోయింది. తర్వాత ఒక్కో వాక్యం ఆపి, చూసి, పైకి గట్టిగా అని, ఫోన్లో రికార్డ్ చేసుకొని మళ్ళీ విన్నా. ఇంక మా ఫ్రెండూ నేనూ వీక్లీ ఆఫ్ రోజు అలిపిరి మెట్లెక్కుతా, గాలిగోపురం దాకా ఇంగ్లిష్ తప్ప ఇంకోటి మాట్లాడకూడదని పెట్టుకున్నాం, ఆ వారం ఎపిసోడ్‌లో ప్రశ్న మీదే వాదించుకుంటాం. ఆయాసానికి పెద్ద వాక్యాలు రావు కదా, చిన్నచిన్నవే వస్తాయి, అవి తప్పుల్లేకుండా వస్తాయి. గాలిగోపురం దాటినాక గోవింద నామాలే.

మైనస్ ఏందంటే బ్రిటిష్ యాస, మొదట్లో అందదు. మన తప్పు దిద్దేవాళ్ళు ఉండరు. ఏబీసీడీల నుంచి మొదలుపెట్టేవాళ్ళకి ఇది కష్టం, స్కూల్ ఇంగ్లిష్ చదివితే అర్థమయ్యేవాళ్ళకే.

పోయిన వారం నాగపూర్ నుంచి ఒక పెద్దాయన వచ్చి నడిచి కొండెక్కితే లగేజీ ఏం చేయాలని అడిగినాడు. అలిపిరిలో కౌంటర్లో ఇచ్చేస్తే పైకి వాళ్ళే పంపిస్తారు, రసీదు జాగ్రత్త, పైన చూపించి తీసుకోవాలి అని ఆగకుండా చెప్పినా. ఆయన ఇంకో మూడు ప్రశ్నలు అడిగినాడు, మూడింటికీ చెప్పినా.