పాయింట్ల కన్నా ఎక్కువ పనికొచ్చిన లింకు: ఏళ్ల తరబడి వాడిన ఒక ఎయిర్‌లైన్ సభ్యత్వం

లాంజ్ ఎలా ఉంటుంది, ఏ హోదాకి ఎన్ని బ్యాగులు ఉచితం, పాయింట్లతో టికెట్ ఎప్పుడు కొంటే గిట్టుబాటవుతుంది, ఇవన్నీ రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. వాటి జోలికి పోను. నేను రాసేది ఆ యాప్‌లో సెట్టింగ్స్ లోపల, ప్రైవసీ పేజీకి అట్టడుగున ఉండే ఒక లింకు గురించి. ‘మీ సమాచారం కాపీ కోరండి’ అని ఉంటుంది. ఇన్నేళ్ల సభ్యత్వంలో నాకు అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చింది అదే. దాని దాకా నన్ను నెట్టిన సంగతి తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. సంస్థ పేరు రాయడం లేదు.

చాలాకాలం తెలిసినవాళ్లందరికీ ఈ సభ్యత్వమే తీసుకోమని చెప్పాను. కారణం ఒక్కటే, గుర్తుపెట్టుకుంటారు. నడవ పక్క సీటు కావాలని ఎప్పుడో ఒకసారి చెప్పాను, ఆ తర్వాత అడగాల్సిన పని పడలేదు. ఉప్పు తక్కువ భోజనం కూడా అంతే. అలసిపోయి ఎయిర్‌పోర్టుకి చేరినప్పుడు అన్నీ మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాల్సిన అవసరం లేకపోవడం ఎంత హాయో తరచూ తిరిగేవాళ్లకి తెలుసు.

ఒక ప్రయాణంలో బయల్దేరే ముందు మా విమానం రద్దయింది. కౌంటర్లో ఉన్న ఆమె నిమిషాల్లో నన్ను వాళ్ల భాగస్వామి సంస్థ విమానంలోకి మార్చి, నడవ పక్క సీటే ఇచ్చింది. ఎంత బాగా చూసుకున్నారని ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేసి మరీ చెప్పాను. మర్నాడు పొద్దున్నే మెయిల్ వచ్చింది, ‘మీ ప్రయాణం ఎలా జరిగింది?’ అని. అందులో మారిన విమానం నంబరు, నేను కూర్చున్న సీటు నంబరు రెండూ సరిగ్గా ఉన్నాయి. అన్నిటికీ మంచి మార్కులే వేశాను.

ఆ ప్రయాణానికి పాయింట్లు మాత్రం రాలేదు. కొన్నాళ్లు ఆగి క్లెయిమ్ పెట్టాను. బోర్డింగ్ పాస్ ఫోటో పంపమన్నారు. నాది ఫోన్‌లో వచ్చిన పాస్. ప్రయాణం అయిపోగానే యాప్ దాన్ని తనంతట తానే తీసేస్తుంది. ఆ మాటే చెప్తే వచ్చిన జవాబు ఇది: ‘సదరు విమానంలో మీరు ప్రయాణించినట్టు మా రికార్డుల్లో లేదు.’ సీటు నంబరుతో సహా వాళ్లే పంపిన మెయిల్‌ని జతచేసి మళ్లీ రాశాను. అది సర్వే విభాగం పంపిన మెయిల్ కాబట్టి ప్రయాణానికి రుజువు కాదన్నారు. ఫోన్ చేస్తే ఎవరికి వాళ్లు మొదటి నుంచి కథంతా చెప్పించుకుని, పై విభాగానికి పంపుతామని పెట్టేశారు. ఈలోపు సభ్యత్వ సంవత్సరం ముగిసింది. ఆ ఒక్క ప్రయాణం లెక్కలోకి రాకపోవడంతో నా హోదా ఒక మెట్టు కిందికి దిగింది.

ఎందుకిలా జరిగిందో తర్వాత అర్థమైంది. మన బుకింగ్ అంతా పీఎన్‌ఆర్ అనే ఒక రికార్డులో ఉంటుంది, టికెట్ మీద కనపడే ఆరు అక్షరాల కోడ్ దానిదే. సభ్యత్వ నంబరు ఆ రికార్డులో విడిగా ఒక లైను. విమానం రద్దై వేరే సంస్థ విమానంలోకి మార్చినప్పుడు కొత్త రికార్డులోకి ఈ లైను వెళ్లకుండా జారిపోయే అవకాశం ఉంది. భాగస్వామి సంస్థ పంపే లెక్కలో సభ్యత్వ నంబరు లేకపోతే, పాయింట్ల విభాగానికి సంబంధించినంతవరకు ఆ ప్రయాణం జరగనట్టే. హడావిడిలో ఉన్న కౌంటర్ ఉద్యోగిని తప్పుపట్టను. తర్వాత సరిచేయడానికి ఒక్కరూ కదలకపోవడమే నా బాధ.

ఆ కోపంలోనే ప్రైవసీ లింకు నొక్కాను. మొదట వచ్చింది చూసి నీరసం వచ్చింది. పేరు, చిరునామా, పాయింట్ల నిల్వ, అంతే, ఒకే పేజీ. యాప్ దానంతట అది తయారుచేసేది ఆ మాత్రమే. అందుకే లింకు మంచిదని పైన అన్నమాటకి ఇది కలుపుకోండి: ఒక్క లింకుతో పని కాదు. ప్రైవసీ అధికారికి విడిగా మెయిల్ రాసి, నా ఈ-టికెట్ల కూపన్ చరిత్ర, పీఎన్‌ఆర్‌లు, కాల్ సెంటర్ నోట్స్, నా మీద వేసిన గ్రేడ్లు, అన్నీ కావాలని పేరుపేరునా అడిగాను. ఐరోపాలో 2018 మే 25 నుంచి అమల్లో ఉన్న జీడీపీఆర్ అనే వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం ఇలా అడిగితే ఉచితంగా, మామూలుగా నెల రోజుల్లోపు ఇవ్వాలి. మరీ చిక్కైనదైతే ఇంకో రెండు నెలలు పొడిగించుకోవచ్చు. కాలిఫోర్నియాలో 2020 నుంచి ఇలాంటి హక్కే ఉంది, అక్కడ గడువు 45 రోజులు. నేను సభ్యత్వం తీసుకున్న సంస్థ జీడీపీఆర్ కిందికి వస్తుంది కాబట్టి నాకు దారి దొరికింది. మీ సంస్థ ఏ చట్టం కిందికి వస్తుందో ముందు చూసుకోండి.

గడువు దగ్గరపడ్డాక ఫైళ్లు వచ్చాయి. పెద్ద పెద్ద పట్టికలు, సగం కోడ్లే. ఓపిగ్గా వెతికితే ఆ రోజు దొరికింది. ఈ-టికెట్‌లో ఒక్కో విమానానికి ఒక్కో కూపన్ ఉంటుంది, దాని స్థితి మారుతూ పోతుంది. నా కూపన్ ‘ఓపెన్’ నుంచి ‘చెకిన్ అయ్యారు’కి, అక్కడి నుంచి ‘విమానం ఎక్కారు’కి, చివరికి ‘ప్రయాణం పూర్తయింది’కి మారింది. పక్కనే తేదీ, గంట, నిమిషం. రికార్డుల్లో లేదని నాకు రాసిన ప్రయాణం ఇదే.

ఇందులో నన్ను ఎక్కువగా కుదిపింది ఇంకొకటి. ఈ కూపన్ స్థితి ఊరికే రాసుకునేది కాదు. ఒక సంస్థ ఇచ్చిన టికెట్ మీద ఇంకో సంస్థ ప్రయాణికుణ్ణి తీసుకెళ్తే, ఇద్దరి మధ్య డబ్బు లెక్క తేలేది వాడిన కూపన్ల మీదే. అంటే నా సీటు డబ్బు భాగస్వామికి కట్టడానికి నేను ప్రయాణించాను. సర్వే పంపడానికి ప్రయాణించాను. పాయింట్లు ఇవ్వాల్సి వచ్చేసరికి మాత్రం, ఎక్కినట్టు రుజువు నన్నే తెమ్మన్నారు. సమాచారం మొత్తం వాళ్ల దగ్గరే పెట్టుకుని, రుజువు భారం నా మీద వేశారు. ఇది ఏ రకంగా చూసినా అన్యాయమే.

ఆ పేజీ జతచేసి ఒక చిన్న మెయిల్ రాశాను. పాయింట్లు పడ్డాయి, హోదా తిరిగొచ్చింది. క్షమాపణ అన్న మాట ఎక్కడా లేదు.

ఫైళ్లు చేతికొచ్చాక మిగతావీ చదవకుండా ఉండలేకపోయాను. నేను వెతికి కొనకుండా వదిలేసిన రూట్లు ఉన్నాయి. ఏ ఫోన్ నుంచి వెతికానో, ఏ ఐపీ చిరునామా నుంచో ఉంది. వాళ్లు పంపిన ఆఫర్ మెయిళ్లలో ఏది తెరిచాను, ఎన్నింటికి తెరిచాను, అదీ ఉంది. ఉప్పు తక్కువ భోజనం కోడ్ ఏళ్ల నాటి ప్రయాణాల్లో కూడా అలాగే ఉంది. అదేపనిగా అలాంటి భోజనం అడిగే మనిషి ఆరోగ్యం గురించి డాక్టరు చీటీ చూడకుండానే ఊహించుకోవచ్చు. ప్రత్యేక భోజనాల్లో కొన్ని మతాన్ని కూడా బయటపెడతాయి. వాళ్ల పేరుతో బ్యాంకు ఇచ్చిన క్రెడిట్ కార్డు ఖర్చు రకాలవారీగా ఉంది: హోటళ్లు, పెట్రోలు, మందులు.

గడువు తీరిన నా పాత పాస్‌పోర్ట్ నంబరు చూసి నిజంగా టెన్షన్ పడ్డాను. దాన్ని ఇంకా ఎందుకు ఉంచారు? మారియట్ హోటళ్ల సంస్థ సంగతి గుర్తుందా? 2016లో అది స్టార్‌వుడ్ అనే ఇంకో హోటళ్ల సంస్థని కొంది. స్టార్‌వుడ్ బుకింగ్ డేటాబేస్‌లోకి 2014 నుంచే ఎవరో చొరబడి ఉన్నారని 2018 నవంబరులో బయటపెట్టింది. ఎన్‌క్రిప్ట్ చేయకుండా ఉంచిన పాస్‌పోర్ట్ నంబర్లే 50 లక్షలకు పైగా పోయాయి. పాత నంబరు తీసేయమని రాస్తే మా సంస్థ వెంటనే తీసేసింది, ఆ మేరకు మెచ్చుకోవాలి.

ఇదంతా నిన్నమొన్న మొదలైంది కాదు. అమెరికన్ ఎయిర్‌లైన్స్ 1981లో అడ్వాంటేజ్ అనే సభ్యత్వ పథకం పెట్టినప్పుడు మొదటి సభ్యులను ఎంచిందే తన సేబర్ బుకింగ్ కంప్యూటర్లో పదేపదే వచ్చే ఫోన్ నంబర్లను వెతికి. మొదట్లో ఎంత దూరం ఎగిరామన్నది లెక్క. 2015లో డెల్టా, యునైటెడ్ ఎయిర్‌లైన్లు, మరుసటి ఏడాది అమెరికన్, టికెట్‌కి ఎంత డబ్బు పెట్టామన్నదాని మీద మైళ్లు (అంటే పాయింట్లు) ఇవ్వడం మొదలుపెట్టాయి. 2020లో కోవిడ్‌తో విమానాలు నేల మీదే ఉండిపోతే, యునైటెడ్ తన మైలేజ్‌ప్లస్ పథకాన్ని తాకట్టు పెట్టి 680 కోట్ల డాలర్లు, డెల్టా స్కైమైల్స్‌ని పెట్టి 900 కోట్ల డాలర్లు అప్పు తెచ్చుకున్నాయి. ఎగరని విమానాల కన్నా మన ఖర్చుల చరిత్రకి, బ్యాంకులకి మైళ్లు అమ్మగా వచ్చే రాబడికి అంత విలువ ఉంది. అంత విలువైన లెక్కలో తప్పు దొర్లితే సరిచేసే మనిషి ఉండాలి కదా.

సీటు గుర్తుపెట్టుకోవడం గురించి కూడా ఇప్పుడు కొంచెం వేరుగా చెప్పాలి. ఫైల్లో నా పేరు పక్కన ఒక గ్రేడ్ ఉంది, హోదా మారినప్పుడల్లా అదీ మారింది. హోదా దిగి ఉన్న రోజుల్లో ఇంకోసారి విమానం రద్దైతే పొడుగాటి క్యూలో నిలబడ్డాను, మధ్య సీటు ఇచ్చారు. నడవ పక్క సీటు అన్న నా అలవాటు అప్పుడూ వాళ్ల స్క్రీన్ మీద ఉంది, కౌంటర్లో అతనే చదివి చెప్పాడు. కాబట్టి మొదటిసారి నన్ను అంత బాగా చూసుకున్నది నా అలవాటు తెలిసి మాత్రమే కాదు. సదుపాయం నిజమే, వాడుకున్నాను, ఇప్పటికీ వాడుకుంటున్నాను. నన్ను ఎరిగి చేస్తున్నారన్న నమ్మకం మాత్రం మునుపటంత లేదు.

మరి తీసుకోమంటానా? నా టికెట్లలో ఎక్కువ భాగం ఆఫీసు కొనేవి, నేను వెళ్లాల్సిన చోట్లకి నేరుగా వెళ్లేది ఈ సంస్థే. అలాంటివాళ్లకి పనికొస్తుంది. సొంత డబ్బుతో, ఎప్పుడో ఒకసారి, ఎక్కడ చవకైతే అక్కడ కొనేవాళ్లకి ఈ హోదాల కోసం ఇంత సమాచారం ఇవ్వడం దండగ అనిపిస్తుంది. సభ్యత్వం ఉన్నా లేకున్నా బోర్డింగ్ పాస్ మాత్రం స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. విమానం మార్చి ఇచ్చినప్పుడు కొత్త పాస్ మీద సభ్యత్వ నంబరు ఉందో లేదో కౌంటర్ దగ్గరే చూసుకోండి. లేకపోతే అక్కడికక్కడే వేయించుకోవడం తేలిక. బ్యాంకు కార్డు నేను వచ్చే రెన్యువల్‌కి వదిలేస్తున్నాను. మందుల షాపు ఖర్చు ఒక ఎయిర్‌లైన్ పట్టికలో ఉండటం నాకు ఇష్టం లేదు.

ఒక విషయం ఇంకా తేలలేదు. కాల్ సెంటర్ నోట్స్‌లో, నా క్లెయిమ్ నడిచిన రోజుల్లో ఎవరో ‘పాయింట్ల కోసం తరచూ ఫిర్యాదు చేసే కస్టమర్’ అని రాసి పెట్టారు. నేను చేసిన ఫిర్యాదు ఒక్కటే, అది నిజమని వాళ్ల రికార్డే తేల్చింది. తప్పు సమాచారాన్ని సరిదిద్దమని అడిగే హక్కు కూడా అదే చట్టంలో ఉంది, ఆ వాక్యం తీసేయమని రాశాను. అది ఉద్యోగి అభిప్రాయమే తప్ప సమాచారం కాదని మొదటి జవాబు వచ్చింది. ఒప్పుకోలేదు, డేటా రక్షణ అధికారుల దగ్గర ఫిర్యాదు నమోదు చేశాను.