చవకగా వస్తున్నాయని నానో బోర్డులు కొంటున్నారా? ముందు చిప్పు మీది అక్షరాలు చదవండి

మా ప్రభుత్వ బడి రోబోటిక్స్ జట్టు కోసం దసరా సెలవులకు ముందు ఆన్‌లైన్‌లో ఆరు నానో బోర్డులు (ప్రోగ్రామ్ ఎక్కించి రోబోలను నడిపించే చిన్న ఆర్డునో సర్క్యూట్ బోర్డులు) తెప్పించాను. అమ్మకం పేజీలో ‘నానో వీ3, ఏటీమెగా 328పీ’ అని బోర్డు రకం, దాని మీది చిప్పు పేరు స్పష్టంగా ఉన్నాయి. మిగతా చోట్ల కంటే ఒక్కోటి ఎనభై రూపాయలు తక్కువ. అసలైన ఆర్డునో కంపెనీ బోర్డులు కొనే స్తోమత మాకెక్కడిది? ఏళ్లుగా నకళ్లతోనే నెట్టుకొస్తున్నాం, వాటిమీద నాకు చిన్నచూపు లేదు. కానీ నకలు వేరు, మోసం వేరు.

సెలవులయ్యాక పెట్టె విప్పితే ఒక్క బోర్డులోకీ ప్రోగ్రామ్ ఎక్కలేదు. ‘నాట్ ఇన్ సింక్’ అంటూ ఎర్ర అక్షరాలు. పిల్లలు కేబుళ్లు మార్చారు, బోర్డును కంప్యూటర్ గుర్తించడానికి కావలసిన సీహెచ్340 డ్రైవర్ మళ్లీ వేశారు, ఆర్డునో సాఫ్ట్‌వేర్ మెనూలో ‘ఓల్డ్ బూట్‌లోడర్’ కూడా పెట్టి చూశారు (బూట్‌లోడర్ అంటే మన ప్రోగ్రామ్‌ను లోపలికి తీసుకునేందుకు చిప్పులో ముందే ఉండే చిన్న ప్రోగ్రామ్). మూడు సాయంత్రాలు గంగలో కలిశాయి. నాలుగో రోజు ఓ తొమ్మిదో తరగతి అమ్మాయి విసుగెత్తి ప్రాసెసర్ జాబితాలో ఏటీమెగా 168 నొక్కింది. ఎల్‌ఈడీ మిణుకుమిణుకుమంది! పిల్లలు చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం గుండె జారిపోయింది. ఫోన్ టార్చ్ ఏటవాలుగా పట్టి భూతద్దంలోంచి చూస్తే చిప్పు మీద ‘మెగా168పీఏ’ అని ఉంది.

328పీలో ప్రోగ్రామ్ దాచుకునే ఫ్లాష్ 32 కేబీ, అది నడిచేటప్పుడు వాడుకునే ర్యామ్ 2 కేబీ ఉంటాయి. 168లో రెండూ సగమే. బూట్‌లోడర్ పోగా మన ప్రోగ్రామ్‌కు దక్కేది 14,336 బైట్లు. నల్లగీత వెంట నడిచే రోబోకు అది చాలు. మావాళ్లు దానికి చిన్న ఓలెడ్ తెర తగిలించారు. 128×64 చుక్కల బొమ్మను ర్యామ్‌లో పట్టి ఉంచడానికి, తెరను నడిపే మా రెడీమేడ్ కోడ్‌కు (లైబ్రరీకి) 1,024 బైట్లు కావాలి. 168లో ఉన్న మొత్తం ర్యామ్ సరిగ్గా అంతే! ప్రోగ్రామ్ ఏ తప్పూ చూపకుండా ఎక్కింది, తెర మాత్రం నల్లగానే ఉండిపోయింది. ఇలాంటి తప్పు పిల్లలకు ఎలా దొరుకుతుంది?

అమ్మినాయనకు ఫొటో పంపితే, ‘రెండూ ఒకే కుటుంబం చిప్పులండీ, పని చేస్తోంది కదా’ అన్నాడు. వాపసు గడువు ఏడు రోజులు సెలవుల్లోనే దాటిపోయింది. ఆ తప్పు నాదే.

కాబట్టి పార్సిల్ వచ్చిన రోజే విప్పండి, విప్పుతుండగా వీడియో తీయండి. ప్రాసెసర్ 328పీ అని పెట్టి ఎల్‌ఈడీ ప్రోగ్రామ్ ఎక్కించండి. ఎక్కకపోతే ఓల్డ్ బూట్‌లోడర్‌తో చూడండి. రెండింటికీ లొంగకుండా 168కి లొంగితే మరో మాట లేకుండా వెనక్కి పంపండి. చిప్పు మీది అక్షరాలు గీకేసి ఉంటే పరీక్ష కూడా అనవసరం.

చివరికి హైదరాబాద్ కోఠిలో ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే గుజరాతీ గల్లీకి వెళ్లి, భూతద్దంతో ఒక్కో చిప్పూ చదివి మరీ కొన్నాం. దుకాణదారు నవ్వాడు, నవ్వనీ. పాత ఆరూ ఇప్పుడు ఆరో తరగతి పిల్లల బండ్లలో ఉన్నాయి. ఒక్కోదాని అడుగున ఎర్ర మార్కర్‌తో 168 అని రాసిపెట్టాం.