నిజాం తలపాగా గుర్తున్న స్పిట్‌ఫైర్ కోసం ఇంగ్లండ్‌లో

రెండో ప్రపంచ యుద్ధం నాటి ఫైటర్ విమానాల పెయింటింగ్ ప్రింట్లు, వాటి అంచున ఆనాటి పైలట్లు పెన్సిల్‌తో పెట్టిన సంతకాలు. వీటిని సేకరించేవాళ్లు ఒక్కసారైనా ఇంగ్లండ్ వెళ్లాలంటాను. నేను వెళ్లింది మాత్రం బ్రిటిష్ వైమానిక దళంలోని ఒక్క స్క్వాడ్రన్ (విమానాల దళం) కోసం. 1940లో జర్మన్ విమానాలతో బ్రిటన్ ఆకాశంలో జరిగిన పోరు బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్‌లో స్పిట్‌ఫైర్ ఫైటర్లు నడిపిన 152వ స్క్వాడ్రన్‌కి హైదరాబాద్ స్క్వాడ్రన్ అని పేరు. దాని చిహ్నంలో ఉన్నది నిజాం తలపాగా. ఆ విమానం బొమ్మ, అందులో ఎగిరిన మనిషి సంతకంతో సహా, హైదరాబాద్‌లో మా ఇంటి గోడ మీద ఉండాలని ఎన్నాళ్లుగానో కోరిక.

మొదట లండన్‌లోని హెండన్ ఆర్‌ఏఎఫ్ (బ్రిటిష్ వైమానిక దళం) మ్యూజియంకి వెళ్లండి. నార్తర్న్ లైన్ ట్యూబ్‌లో కాలిండేల్‌లో దిగితే నడిచి వెళ్లొచ్చు. టికెట్ లేదు. మన తెలుగువాళ్లు తప్పకుండా చూడాల్సింది అక్కడున్న డీహెచ్-9ఏ అనే బాంబర్ విమానం. మొదటి ప్రపంచ యుద్ధంలో 110వ స్క్వాడ్రన్‌కి నిజాం బహూకరించిన వాటిలో అదొకటి. 1918 అక్టోబరులో జర్మన్లకి చిక్కి, బెర్లిన్ చేరి, తర్వాత పోలండ్‌లో పడి ఉండి, 1977లో మళ్లీ బ్రిటన్‌కి వచ్చింది. దాని ముందు నేను చాలాసేపు నిలబడిపోయాను. ప్రింట్లు కొనే పని ఇక్కడ పెట్టుకోకండి, రోజంతా చూడటానికే చాలదు.

తర్వాత కేంబ్రిడ్జ్ దగ్గరి డక్స్‌ఫర్డ్ విమాన మ్యూజియం. దీనికి టికెట్ ఉంది, ధర కూడా ఎక్కువే. అయినా నా ఓటు దానికే. 1938 ఆగస్టులో మొట్టమొదటి స్పిట్‌ఫైర్లు వచ్చి దిగింది ఈ మైదానంలోనే, 19వ స్క్వాడ్రన్‌కి. పాత హ్యాంగర్లు అలాగే ఉన్నాయి, అదృష్టముంటే నిజమైన స్పిట్‌ఫైర్ నెత్తి మీదుగా ఎగురుతుంది. ఆ ఇంజిన్ మోత విన్నాక, బొమ్మలో కళాకారుడు దేన్ని పట్టుకోవాలని చూశాడో తెలుస్తుంది. విటిల్స్‌ఫర్డ్ పార్క్‌వే స్టేషన్ నుంచి ట్యాక్సీ ముందే మాట్లాడుకోండి. హైవే పక్కన ఒక హోటల్లో దిగాను. రాత్రంతా లారీల రొద, పొద్దున శాకాహారులకి టోస్ట్, బీన్స్ తప్ప ఏమీ లేదు. మర్నాడు కేంబ్రిడ్జ్‌కి మారాను. గది అద్దె ఎక్కువైనా తిండికీ నిద్రకీ లోటు లేదు.

ఇక సంతకాల సంగతి. పేరున్న ఫైటర్ పైలట్లలో బ్రిటన్‌కి చెందిన డగ్లస్ బేడర్ 1982లో, జర్మన్ పైలట్ గాలాండ్ 1996లో, బ్రిటన్‌కే చెందిన జానీ జాన్సన్ 2001లో పోయారు. బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్ పైలట్లలో చివరిగా మిగిలిన జాన్ హెమింగ్‌వే కూడా 2025 మార్చిలో 105 ఏళ్ల వయసులో వెళ్లిపోయారు. అంటే ఇకమీద కొత్త సంతకం పుట్టదు, ఉన్నవే చేతులు మారతాయి. అందుకే చేత్తో పట్టుకుని చూడకుండా కొనొద్దని గట్టిగా చెబుతాను. కాగితాన్ని వెలుతురుకి వంచితే పెన్సిల్ గీత కాస్త మెరుస్తుంది. భూతద్దంలో చుక్కలు చుక్కలుగా కనిపిస్తే అది బొమ్మతోపాటు అచ్చయిన సంతకమే. పైలట్ వేరే కార్డు మీద సంతకం చేస్తే దాన్ని ప్రింట్ కింద అమర్చి అమ్మేవాళ్లూ ఉన్నారు. అది మోసం కాదు, కానీ ప్రింట్ మీదే చేసిన సంతకంతో సమానమైన ధర మాత్రం ఇవ్వకూడదు. ప్రింట్ మీద వేసిన నంబరు, దానితో వచ్చే సర్టిఫికెట్ మీది నంబరు ఒకటేనా అన్నదీ చూసుకోవాలి. ఇంతకుముందు ఒక ఆన్‌లైన్ వ్యాపారి పంపిన ప్రింట్ సన్నటి గొట్టంలో బిగించి చుట్టడంతో అంచున మడత పడి వచ్చింది. డబ్బు వాపసు అడిగితే జవాబే లేదు.

152వ స్క్వాడ్రన్ అసలు చోటు డోర్సెట్‌లోని వామ్‌వెల్. పోర్ట్‌ల్యాండ్ నౌకా స్థావరాన్ని కాపాడటానికి ఇక్కడినుంచే లేచేవాళ్లు. లండన్ వాటర్లూలో వేమత్ రైలెక్కి మోర్టన్‌లో దిగాలి. ఎయిర్‌ఫీల్డ్ ఇప్పుడు లేదు. ఊరి చర్చి ఆవరణలో యుద్ధంలో పోయిన వైమానికుల సమాధులున్నాయి. మ్యూజియం కోసం వచ్చేవాళ్లకి ఇది నిరాశే, హైదరాబాద్ పేరు కోసం వచ్చేవాళ్లకి కాదు. బస డోర్చెస్టర్‌లో. నేనున్న ఇంటి పెద్దావిడ బస్సు వేళలు కాగితం మీద రాసిచ్చింది, అన్నం వండుకోవడానికి వంటగది వాడుకోనిచ్చింది.

డోర్చెస్టర్‌లోనే ఒక పాత వస్తువుల షాపులో దొరికింది నా బొమ్మ: సముద్రం మీద రెండు స్పిట్‌ఫైర్లు, పక్కన 152 అని, అంచున కళాకారుడితోపాటు స్క్వాడ్రన్ పైలట్ ఒకాయన సంతకం. 180 పౌండ్లు. షాపాయన ఫ్రేమ్ విప్పి, వెనకవైపు కూడా చూపించాకే డబ్బు తీసుకున్నాడు. ఫ్రేమ్ అక్కడే వదిలేసి, ప్రింట్‌ని రెండు గట్టి అట్టల మధ్య పెట్టి విమానంలో చేతిసామానుగా తెచ్చాను.

హైదరాబాద్‌లో ఫ్రేమ్ కట్టించేటప్పుడు పట్టుబట్టాల్సినవి ఉన్నాయి. ప్రింట్‌ని అట్టకి జిగురుతో అంటించనివ్వొద్దు, ఫ్రేములో పట్టడానికని అంచు కోయనివ్వొద్దు. యాసిడ్ లేని మౌంట్ బోర్డు (ఫ్రేములో బొమ్మకి పెట్టే అట్ట), రంగు వెలిసిపోయేలా చేసే యూవీ కిరణాల్ని ఆపే గాజు కావాలని అడగండి. మొదట వెళ్లిన షాపులో ఈ మాటలు వినడానికే ఇష్టపడలేదు. రెండో చోట ఆర్ట్ గ్యాలరీలకి పనిచేసే కుర్రాడు దొరికాడు, మామూలుకి రెట్టింపు తీసుకున్నాడు, పనితనం చూస్తే ఆ డబ్బు న్యాయమే. ఎండ పడని గోడకే తగిలించాను.